గుడివాడలో అరగని బూట్లు

బూటు తిరగేసి చూశాను. అడుగున మట్టి లేదు. గాడుల్లో ఒక్క ఇసుక రేణువు లేదు. కొట్టులో అంటించిన సైజు చీటీ కూడా ఊడలేదు.

గుడివాడలో పెళ్ళికి వచ్చి, చెప్పకుండా బావ ఇంటికి వెళ్ళిన రోజది. వరండాలో చెప్పులు విడుస్తుంటే అరలో నేను కొనిచ్చిన అట్టపెట్టె కనబడింది. నాలుగు నెలలుగా ఆ బూట్లు రోజూ కాలవ గట్టున మూడు కిలోమీటర్లు నడుస్తున్నాయని నా నమ్మకం.

బావ నాకు బంధువు కాడు. పత్రికలో నాకంటే పదేళ్ళు సీనియరు. నాకు పని నేర్పింది ఆయనే. రిటైరయ్యాక ఆయన గుడివాడలో, నేను బందరులో ఉండిపోయాం. ఎప్పుడు వెళ్ళినా లడ్డూ డబ్బా పట్టుకెళ్ళేవాణ్ణి. నిరుడు ఆయన గుండెకు స్టెంట్ వేశారు, షుగరూ బయటపడింది. ఇక ఆ డబ్బాతో ఆ గడప తొక్కడానికి మనసొప్పలేదు.

ఏమివ్వాలా అని చాలా రోజులు ఆలోచించాను. శాలువా ఇస్తే బీరువాలోకి పోతుంది. పండ్లు తీసుకెళ్తే వచ్చినవాళ్ళకు కోసి పెట్టేస్తారు. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పాడు. ఈయన జీవితమంతా తోలు చెప్పులతో తిరిగిన మనిషి. బూట్లు కొందామనుకున్నాను. సైజు అడిగితే వద్దంటాడు. అందుకని ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా వాళ్ళావిడ పాత పేపరు మీద పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, ఆవకాయ సీసాతో పాటు నా సంచిలో పెట్టింది.

వరినాట్లప్పుడు బూట్లు ఇచ్చాను. తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచాడు. "పెళ్ళికొడుకులా ఉన్నానా బావా?" అన్నాడు. రోజూ నడిచొచ్చి ఏడింటికి ఫోన్ చెయ్యాలని మాట తీసుకున్నాను.

చేసేవాడు. "లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయింది బావా. ఎవడికీ పట్టదు." ఇంకో రోజు, "నీళ్ళు జానెడు తగ్గాయి. చివరి పొలాలవాళ్ళు గోల పెడుతున్నారు." వార్త రాసినంత కుదురుగా చెప్పేవాడు. నేను మురిసిపోయి మొవ్వలో మా వియ్యంకుడికీ అలాంటి జతే కొనిచ్చాను, బావను చూసి నేర్చుకోమంటూ.

ఇప్పుడు ఆ పెట్టెలో, కొట్టులో నేను మడిచి పెట్టిన పాదం గీసిన పేపరు కూడా మడత విప్పకుండా ఉంది.

"చెల్లెమ్మా, ఇవి వేసుకోవడం లేదా?" అన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరు ఆయన్నే అడగండి అన్నయ్యగారూ."

"మరి కాలవ కబుర్లన్నీ?"

"మన పాలాయన గట్టు మీదుగానే వస్తాడు కదండీ. ఆయన్ని కూర్చోబెట్టి అన్నీ అడుగుతారు."

లోపల్నుంచి బావ నవ్వాడు. "వార్తలో తప్పుందా చెప్పు. నీళ్ళు తగ్గిన మాట అబద్ధమా?"

నాకు నవ్వు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తుఫాను వెలిసిన మర్నాడు బావ నన్ను దివిసీమ పంపాడు. నేను అవనిగడ్డలోనే ఆగిపోయి, లారీవాళ్ళను అడిగి, హంసలదీవిలో కొట్టుకుపోయిన గుడిసెల గురించి రెండు కాలమ్‌ల వార్త రాసుకొచ్చాను. ఆయన చదవలేదు. నా చెప్పు తీసి తిరగేశాడు. "పొడిగా ఉందేంటయ్యా? అక్కడ బురద లేదా?" అన్నాడు, ఆఫీసంతా వింటుండగా. ఆ పూటే మళ్ళీ బస్సెక్కాను. ఆ తర్వాత స్వయంగా వెళ్ళి చూడకుండా ఒక్క వాక్యం రాయలేదు.

ఆ మనిషి నాలుగు నెలలు నాకు పాలాయన కబుర్లు అప్పజెప్పాడు.

"నన్ను వెర్రివాణ్ణి చేశారు బావా," అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. "మొదటి రోజు వీధి చివరిదాకా వెళ్ళాను. ఆయాసం వచ్చి అరుగు మీద కూలబడ్డాను. నీకెలా చెప్పమంటావు?"

"నాకు చెప్పకపోతే పోయె. డాక్టరుకు చెప్పారా?"

లేదన్నట్టు తల ఊపాడు. వాళ్ళావిడ ముఖం చూశాను. బూట్ల సంగతి ఆవిడకు తెలుసు. ఆయాసం సంగతి తెలియదు. ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కాఫీ తాగకుండా వచ్చేశాను. ఆ వారమంతా ఏడింటికి ఫోన్ మోగేది, ఎత్తలేదు. తర్వాత ఒక రోజు ఎత్తి, విజయవాడ వెళ్ళి డాక్టరుకు చూపించుకునేదాకా నాతో మాట్లాడొద్దన్నాను.

కోతలైపోయాయి. మొన్న సోమవారం ఆయన మళ్ళీ చేశాడు. విజయవాడ వెళ్ళొచ్చానన్నాడు. ఆస్పత్రిలో జనం, లిఫ్టు దగ్గర వరస, డాక్టరు మెడలో వేసుకున్న మఫ్లరు, అన్నీ చెప్పాడు. గుండె బాగానే ఉందన్నారట. రిపోర్టు ఫొటో తీసి పంపమన్నాను.

ఈ రోజు శుక్రవారం. ఇంకా రాలేదు.