ఫ్రిజ్ మీద మంత్రివర్గం

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదన్న సంగతి దోహా మొత్తంలో మా ఆయన ఒక్కడికే తెలుసు. ఇరవై ఆరేళ్ళ వయసు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి (ఊళ్ళో అందరూ దుబాయ్ పోయిందనే చెప్పుకునేవాళ్ళు, ఖతర్ అనడానికి వాళ్ళకు నోరు తిరిగేది కాదు) అల్ అజీజియాలో ఒక కెనడావాళ్ళ విల్లాలో వంటకూ ఇంటిపనికీ చేరాను. ఏజెంటు ముందే చెప్పాడు, "చదువొస్తదా అని అడుగుతరు, వస్తదను. లేకుంటే వాపస్ పంపుతరు" అని. అడిగారు, వస్తుందన్నాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి నేను పడిన పాట్లలో సగం పడితే చదువే వచ్చేసేది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలూ నా చేత్తో నేనే రాసుకుంటుంటే, ఆ ఇరవై ఆరేళ్ళ పిల్లను పక్కన కూచోబెట్టుకుని చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

పాట్లు అన్నాను కదా. పప్పుల డబ్బాలు మూతల రంగును బట్టి, పాప దగ్గుమందు సీసా ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. కష్టమల్లా మేడమ్ చీటీలతోనే. ఆమెకు వెస్ట్ బేలో ఉద్యోగం. పొద్దున్నే వెళ్తూ ఆ రోజు పనులన్నీ ఒక చీటీ మీద రాసి పెట్టేది. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఎనిమిదేళ్ళ పాప బడికి తయారయ్యేటప్పుడు చీటీ ముందు పెట్టి, "నీకు చదువుడు ఎంతవరకు వచ్చిందో చూస్త, ఇది చదువు" అని టీచరమ్మలా చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. చికెన్ బయట పెట్టు, తెల్ల చొక్కాలు విడిగా ఉతుకు అని పాప చదివేది. "శభాష్" అని మెచ్చుకుని వెళ్ళి చికెన్ బయట పెట్టేదాన్ని. తన కూతురికి నేను చదువు చెబుతున్నానని మేడమ్ మురిసిపోయి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను తల వంచుకుని వినేదాన్ని. వినయం అనుకునేవాళ్ళు.

ఆ మేడమ్ వాళ్ళ నాన్న వాళ్ళ దేశంలో మంత్రి. ఢిల్లీలాంటి మంత్రి కాదు, మన రాష్ట్రంలాంటి దానికి, వాళ్ళు ప్రావిన్స్ అంటారు (దాని పేరు రాయను, పెద్దాయన్ను పోల్చుకుంటారు). వ్యవసాయ శాఖ. బడిలో ప్రభుత్వం గురించి ఏదో చేసుకురమ్మంటే, పాప వాళ్ళ తాత ఉన్న మంత్రివర్గాన్నంతా ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. ఒక్కో మంత్రికి ఒక ఫొటో, దాని కింద శాఖ పేరు రాసిన కాగితం ముక్క, పట్టి ఉంచడానికి అయస్కాంతం. అందరికన్నా పైన ముఖ్యమంత్రి, వాళ్ళ మాటలో ప్రీమియర్. ఆ ఇంట్లో నాకు అర్థమైన పుస్తకం అదొక్కటే. ఒకాయన గుండుసారు, ఒకామె ఎర్రద్దాలమ్మ, ఇంకొకాయన ఎప్పుడూ నిద్రలోంచి లేచినట్టుండే పరుపుసారు. మన సర్దార్జీ కూడా ఒకాయన ఉండేవాడు, పాలు తీసినప్పుడల్లా ఆయనకు కాస్త ఎక్కువ మర్యాద చేసేదాన్ని. అయితే వాళ్ళు ఒకచోట కుదురుగా ఉండేవాళ్ళు కాదు. గుండుసారు ఒక్క ఏడాదిలోనే రోడ్ల నుంచి అడవులకు, అడవుల నుంచి బడులకు మారాడు, అద్దె ఇల్లు దొరకని సంసారంలాగా. ఒకామె రాజీనామా చేసింది, ఒకాయన ఓడిపోయాడు. మారినప్పుడల్లా పాప చెబితే నేను అయస్కాంతాలు జరిపేదాన్ని. పెద్దాయన మాత్రం వ్యవసాయం మీద నుంచి కదల్లేదు.

ఒకరోజు ఆయన కూడా కదిలాడు. ప్రీమియర్ మధ్యలోనే దిగిపోయాడట, అదే పార్టీలో కొత్తాయన ఎక్కాడట, ఎక్కగానే కొత్త మంత్రులను తెచ్చుకున్నాడట. పెద్దాయన పేరు అందులో లేదు. పదవి పోయిన నెల రోజులకు, ఒక మూడు వారాలు కూతురింట్లో ఉండి వెళ్దామని బయల్దేరాడు. శుక్రవారం మాయన లుసైల్ లేబర్ క్యాంప్ నుంచి వస్తే సంగతి చెప్పాను.

"ఏం కాదు తియ్యే," అన్నాడు. "పదవి పోయినోన్ని ఉత్తగ కూసోబెడ్తరా ఎక్కడన్న? ఏదన్న కార్పొరేషన్‌కు చైర్మన్ చేస్తరు. చెయ్యకుంటే ఆయనే పార్టీ మారుతడు."

"ఆయన అసొంటోడు కాదు."

"నువ్వెప్పుడు చూసినవ్?"

"రోజు చూస్తలేనా, ఫ్రిజ్ మీద."

పెద్దాయన దిగే రోజున మేడమ్ ఆఫీసు నుంచి అటే వెళ్ళి, బడి దగ్గర పాపను ఎక్కించుకుని ఎయిర్‌పోర్టుకు పోవాలి. పొద్దున్నే ఇద్దరూ హడావుడిగా వెళ్ళిపోయారు. వెళ్ళాక చూస్తే ఫ్రిజ్ మీద ఒక చీటీ, బల్ల మీద పాప కత్తిరించి పెట్టిన కొత్త మంత్రుల ఫొటోల కవరు. చదివిపెట్టే పాప బడిలో ఉంది. మేడమ్‌కు ఫోన్ చేస్తే, చీటీలో రాశాను కదా అంటుంది. అప్పుడేమని చెప్పాలి? రెండేళ్ళ బొంకు బయటపడితే వాపసే. చీటీనీ కవరునూ మార్చి మార్చి చూశాను. చీటీలో ఉన్నది ఇదే అయ్యుంటుందని తోచింది: పెద్దాయన వచ్చేలోపు నువ్వు కొత్త మంత్రివర్గాన్ని ఏర్పాటు చెయ్యి.

చేశాను. కూర పొయ్యి మీద పెట్టి, చేతులు కడుక్కుని, పాత మంత్రులనూ కొత్త మంత్రులనూ బల్ల మీద పరిచాను. తీసేయాల్సిన వాళ్ళెవరో తెలియదు గనుక ఎవరినీ తీసెయ్యలేదు. మన దగ్గర మంత్రివర్గమంటే అందరికీ వాటా ఉండాలి, ఆడవాళ్ళుండాలి, అన్ని కులాలూ అన్ని జిల్లాలూ ఉండాలి. అక్కడి కులాలు నాకు తెలియవు, మొహాలు చూసి పంచాను. ఎర్రద్దాలమ్మకు పై వరుస ఇచ్చాను. సర్దార్జీని ఆమె పక్కన పెట్టాను. కొత్త ప్రీమియర్ (ఈయనేనని పాప ముందే చూపించింది) సన్నటి టై కట్టుకుని రెండు రోజులుగా తిండి లేనట్టున్నాడు, రాష్ట్రం ఆయన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఆయన్ను అట్టడుగున కూరగాయల అర దగ్గర పెట్టి, అందరికన్నా పైన పెద్దాయన్ను ఉంచాను. పదవి పోయినవాడికి అంతకన్నా పెద్దది ఇస్తేనే కదా మర్యాద. శాఖల కాగితాలు చేతికొచ్చినట్టు అంటించాను. వెనక్కి జరిగి చూసుకుంటే కళకళలాడుతోంది.

పెద్దాయన వెంట పోలీసు లేడు, పీఏ లేడు. ఒక్క పెట్టె, ఒక అరిగిన కోటు. మంచినీళ్ళ కోసం నేరుగా వంటింట్లోకే వచ్చి ఫ్రిజ్ ముందు ఆగిపోయాడు. వెనకే మేడమ్ వచ్చింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. (ఆయనది మంచి ఇంగ్లీషు, నాది హిందీ కలిపిన వంటింటి ఇంగ్లీషు. రెండూ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.) ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఆర్థిక మంత్రికి చేపలు. బాగుంది. చేపల మంత్రికి న్యాయం. ప్రీమియర్ గారికి వృద్ధుల సంక్షేమం, ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఇందులో తన శాఖ గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడు." ఒక అడుగు వెనక్కి వేసి మొత్తం చూశాడు. "అంటే అచ్చం అసలుదానిలాగే ఉంది."

అంటూనే నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నేను పెట్టిన చీటీ చూడలేదా నువ్వు?"

చీటీ ఇంకా అక్కడే ఉంది, పరుపుసారు పక్కన. పెద్దాయన చూపు దాని మీద పడింది. అందులో ఏముందో తర్వాత పాప చెప్పింది: నాన్న వచ్చేలోపు ఇవన్నీ తీసేసి సొరుగులో దాచు, ఆయన బాధపడతాడు. ఆయన చీటీ చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపులో మొత్తం తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది. ఆయన నీళ్ళసీసా తీస్తున్నట్టుగా వంగి, చీటీని అరచేతిలోకి తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు.

"ఏ చీటీ? ఇక్కడేం లేదే," అన్నాడు కూతురితో. "గాలికి ఎటో పోయుంటుంది."

అన్నేళ్ళు రాజకీయాల్లో ఉండి ఆయన ఇంకేం అబద్ధాలు చెప్పాడో నాకు తెలియదు. నా కోసం చెప్పింది అదొక్కటి.

మర్నాడు అందరూ వెళ్ళాక, పది గంటలకు, టీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చి కూచున్నాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద పెద్దగా ఒక ఇంగ్లీషు అక్షరం.

"నీకు తెలుసు కదా, నాకిప్పుడు శాఖ లేదు," అన్నాడు. "నిన్న ప్రీమియర్‌ను చేశావు గానీ అది మరీ పెద్ద పని. పది నుంచి పదకొండు దాకా నాకు తీరికే. నాకో చిన్న శాఖ ఇవ్వు. నీకు చదవడం నేర్పుతాను. ఎవరికీ చెప్పను."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇక్కడికి వచ్చేసరికి కలం ఆగుతుంది. అవునని ఒక్క తలూపితే చాలు. నేనేమన్నానంటే, "నాకు చదువొస్తది సార్. చీటీ చదివిన. తమాషాకు అట్ల చేసిన."

ఆయన కాగితాన్ని మెల్లగా మడిచాడు. "అలాగా. పొరపాటు నాది. మన్నించు," అన్నాడు. టీ చల్లారేదాకా కూచుని వెళ్ళాడు.

అయినా మర్నాడు పదింటికి మళ్ళీ వచ్చాడు. ఏమీ అడగలేదు, బఠానీలు ఒలిచాడు. ఆ మర్నాడూ అంతే. నేను పది కొట్టగానే చీపురు పట్టుకుని వాకిట్లో పడేదాన్ని. దోహాలో దుమ్ముకు కొరత లేదు గనుక నా సాకుకూ కొరత లేకపోయింది. కానీ ఆయన రోజూ, మంత్రులను తీసేశాక ఖాళీ అయిన ఫ్రిజ్ తలుపు మీద ఒక్కో అక్షరం రాసిన కాగితం, పక్కన ఒక బొమ్మ పెట్టి వెళ్ళేవాడు. పాప కోసం అన్నాడు. పాపకు అప్పటికి పదేళ్ళు, ఆ వయసుకు అవసరం లేదని ఆయనకూ తెలుసు. ఆయన గదిలోకి వెళ్ళాక, పాలు తీసే వంకతో వేలితో వాటి మీద దిద్దేదాన్ని. అలా దొంగతనంగా తొమ్మిది అక్షరాలు నాకు పట్టుబడ్డాయి. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం మాయనకు చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "మంత్రి వచ్చి పాఠం చెప్త అంటె వద్దన్నవా? మా ఫోర్‌మన్ మమ్ముల అడిగినా మంచినీళ్ళు కూడ తాగనియ్యడు."

"చదువు రాదంటె పంపేస్తరని ఏజెంటు అనె గద."

"పంపేటాయన పంపక చీటీని జేబుల ఏసుకునె. ఇంకెవలు పంపుతరే?"

నిజమే. భయపడాల్సిందేమీ లేదని నాకూ అప్పటికే తెలుసు. మిగిలింది రోషం ఒక్కటే. చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే మూడు వారాలు అయిపోయాయి. పెట్టె కారులో పెట్టాక ఆయన నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. తొమ్మిది అక్షరాలు వచ్చాయి సార్ అనాలి. గొంతులోకి వచ్చింది కూడా. పైకి వచ్చింది మాత్రం ఇది: "మీరు మల్ల మంత్రి అయితరు సార్."

"వద్దులే," అన్నాడు. "ఒకసారి ప్రీమియర్‌గా చేసినవాణ్ణి, ఇంక కిందికి దిగలేను."

అందరం నవ్వాం. కారు వెళ్ళిపోయింది. మరుసటేడు ఆ కుటుంబం కూడా దోహా వదిలిపోయింది. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. అడిగిన ఆ ఒక్క చిన్న శాఖను కూడా నేను ఆయనకు ఇవ్వలేదు.

నలభై రెండో ఏట, దోహాలోనే, ఒక ఇంజనీరు భార్య తన ఫ్లాట్‌లో శుక్రవారాలు మాలాంటివాళ్ళకు చదువు చెబుతుందని విని వెళ్ళాను. కాకినాడ పిల్ల, ఊళ్ళో మా అమ్మ దగ్గర పెరిగిన నా కూతురికన్నా నాలుగేళ్ళే పెద్ద. పలక మీద వేళ్ళు పట్టి దిద్దిస్తూ అడిగింది. "మీరు చెయ్యి బాగా తిప్పుతున్నారండీ. ఇంతకుముందు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా?"

"ఒక మంత్రిగారు రోజు వచ్చి నేర్పుత అన్నడు బిడ్డా," అన్నాను. "నాకే తీరిక దొరకలే."

క్లాసంతా గొల్లున నవ్వింది. అంత పెద్ద అబద్ధం వాళ్ళెవరూ వినలేదట. నేనూ వాళ్ళతో కలిసి నవ్వి, పలక తుడుచుకుని మళ్ళీ అ రాశాను.