మొదటి వరసలో ఖాళీ గడి

నేను బాక్ పాసవలేదు. అమెరికా వచ్చాక ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఈసారి ముందే చెప్పేస్తున్నాను. బాక్ అంటే ఫ్రెంచి బడిలో ఆఖరి పరీక్ష, మన ఇంటర్ లాంటిది. మాది యానాం. నాన్న ఫ్రెంచి సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడు. నన్ను పాండిచ్చేరిలో అత్తయ్య ఇంట్లో ఉంచి ఫ్రెంచి బడిలో చదివించాడు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. తర్వాత ఇంటికొచ్చి ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. కట్టాను. పెళ్ళయింది. రెండువేల అయిదు ప్రాంతంలో మా ఆయనకి కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చి అమెరికాలో నోవై అనే ఊరు చేరాం. నా వీసా మీద నేను ఉద్యోగం చెయ్యకూడదు.

ఆ చలికాలం లైబ్రరీలో పిల్లల కథల క్లాసుకి పేర్లు రాయించుకుంటున్నారు. కాగితం మీద నాకంటే ముందు ఎవరో ఫోన్ నంబరు రాసి ఉన్నారు. ఏడుకి నడుం మీద అడ్డగీత, ఒకటికి పొడుగాటి ముక్కు. ఫ్రెంచి బడిలో నేర్పినట్టు నేనూ అలాగే రాస్తాను. చుట్టూ చూస్తే, నా ముందు పేరు రాసి వెళ్ళిన ఆవిడ పిల్లాడికి స్నో బూట్లు విప్పుతోంది. మొహమాటం పక్కన పెట్టి ఫ్రెంచిలో పలకరించాను. ఆవిడ ఆఫ్రికాలో, డాకార్‌లో ఫ్రెంచి బడిలో చదువుకుందట. నా జన్మలో డాకార్ చూడలేదు, ఆవిడ యానాం పేరు కూడా వినలేదు. కానీ డిక్టేషన్‌లో అయిదు తప్పులొస్తే సున్నా అన్న భయం మా ఇద్దరిదీ ఒకటే. అది తలుచుకుని నవ్వుకుంటూ క్లాసు మొత్తం మిస్సయ్యాం.

మా సంఘం అలా మొదలైంది. స్కూల్లో వాలంటీర్ల లిస్టు కనబడినా, పాట్‌లక్ విందుకి ఎవరేం వండి తెస్తారో రాసే కాగితం కనబడినా, ముందు ఫోన్ నంబర్లలో అడ్డగీత ఉన్న ఏడు కోసం వెతికేదాన్ని. "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది" అనేవాడు మా ఆయన. ఏ మాటకామాటే, దొరికారు. బేరూత్, ట్యూనిస్, మడగాస్కర్, ఎక్కడెక్కడి ఫ్రెంచి బడుల్లోనో చదివినవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకి సర్టిఫికెట్లు ట్రాన్స్‌లేట్ చేసిపెట్టేవాళ్ళం, డాక్టర్ల దగ్గరికి తోడు వెళ్ళేవాళ్ళం. నెలకోసారి లైబ్రరీ గదిలో కలుసుకునేవాళ్ళం. ఎక్సెల్‌లో లిస్టు నాది. మొదటి వరసలో నా పేరు. ఉద్యోగం లేని మనిషికి అదే ఉద్యోగమైంది.

రెండేళ్ళకి ఒక డాక్టరు అంకుల్ వచ్చి చేరారు. మా పాండిచ్చేరి బడే, మేం పుట్టకముందే ఇక్కడ స్థిరపడ్డ తెలుగాయన. పెద్దాయన కదా అని ప్రెసిడెంటుని చేశాం. ఆయనకి ముందు కావలసింది బ్యాచ్. "బాక్ పాసైన ఇయర్‌కి ఒక కాలమ్ పెట్టమ్మా. పాసైనవాళ్ళే మెంబర్లు. ఒక స్టాండర్డ్ ఉండాలిగా" అన్నారు. డాకార్ స్నేహితురాలు ఒప్పుకోలేదు. ఏ బడి అని అడిగితే చాలదా అంది. అందరూ నా వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబుక్కున, "ఉండాలి అంకుల్, స్టాండర్డ్ ఉండాలి" అన్నాను. ఇంటికొచ్చి కాలమ్ పెట్టాను. అందరి గడులూ నిండాయి. నాది నింపలేదు. లిస్టు నా చేతిలోదే, ఎవరు చూడొచ్చారు?

కొన్ని నెలలకి ఒక మెయిల్ వచ్చింది. లాన్సింగ్ దగ్గర వృద్ధాశ్రమంలో పనిచేసే ఆవిడ, మడగాస్కర్ మనిషి. ఒక దుకాణంలో మేం అంటించిన మా సంఘం కాగితం చూసిందట. ఫ్రెంచి బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివాను, అమ్మకి జబ్బు చేసి మానేశాను, నాలాంటిది రావచ్చా అని అడిగింది. గంట డ్రైవ్ అయినా వస్తానంది. ఇక్కడ మాట్లాడ్డానికి ఎవరూ లేరని చివర్లో రాసింది.

జవాబివ్వాల్సింది నేనే. రూలు ప్రకారం కుదరదని రాశాను. అది కూడా ఎంత నగిషీగా రాశానని. ఒక్క తప్పు లేకుండా మూడుసార్లు సరిచూసుకుని మరీ పంపాను.

మర్నాడే బదులొచ్చింది. "శ్రమ ఇచ్చినందుకు క్షమించండి మేడమ్. మీ ఫ్రెంచి చాలా బాగుంది. పూర్తిగా చదువుకున్నవాళ్ళు రాస్తే ఎంత తేడానో."

అంత సిగ్గు నాకు బాక్ తప్పినప్పుడు కూడా వెయ్యలేదు. అప్పుడు బద్ధకించి తప్పాను, ఇప్పుడు బుద్ధి తెలిసి చేశాను. రెండు వారాలు అన్నం సయించలేదు. మా ఆయనకి చెప్తే, "నాక్కాదు, వాళ్ళకి చెప్పు" అన్నాడు.

తర్వాతి మీటింగులో ఆవిడ రాసిన రెండు మెయిళ్ళూ చదివి వినిపించాను. "ఈవిడ పనికిరాకపోతే నేనూ పనికిరాను. నేను బాక్ పాసవలేదు. నా పేరు తీసెయ్యండి" అన్నాను. అంకుల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తెలుగులో అడిగారు: "మరి లిస్టు ఎవరు చూస్తారమ్మా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పటికే నా స్నేహితురాలు లాప్‌టాప్ తనవైపు లాక్కుని ఆ కాలమ్ తీసేసింది. అంకుల్ అడ్డు చెప్పలేదు.

ఆ సాయంత్రమే మడగాస్కర్ ఆవిడకి రాశాను. రూలు తీసేశాం, నేనూ పాసవలేదు, దయచేసి రండి, గంట డ్రైవ్ మీరు చెయ్యక్కర్లేదు, నేనే వచ్చి తీసుకొస్తాను అని. జవాబు రాలేదు. నెల తర్వాత మళ్ళీ రాశాను. రాలేదు.

మేం నోవై వదిలేదాకా ప్రతి మీటింగు మెయిలూ ఆవిడకీ పంపాను. లిస్టులో నా కింద వరసలో ఆవిడ పేరు ఎక్కించాను. బడి గడి నింపాను, ఊరి గడి నింపాను. ఫోన్ నంబరు అడిగే అవకాశం రాలేదు. తన ఏడుకి అడ్డగీత ఉంటుందో లేదో నాకు తెలియదు.