వేడినీళ్ళ వైపు

గొణుగుడు మేస్త్రి అంటే ఆ పేటలో తెలియని ఇల్లు లేదు. కుళాయి ఎంత మొండిదైనా సరే, దాన్ని తిట్టుకుంటూ తిట్టుకుంటూ లొంగదీసేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ గోడల్ని తిట్టాడు, కిటికీని తిట్టాడు, ఆఖరికి మంచినీళ్ళ గ్లాసునీ వదల్లేదు. భార్య విని విని ఓ పొద్దున పానా చేతికి తీసుకుని, "మీరు చెప్పండి, నేను బిగిస్తాను" అంది.

ఊరికే అనలేదు. పెళ్ళయినప్పట్నుంచీ అతను బేసిన్ల కింద దూరితే పక్కన కూర్చుని టార్చిలైటు పట్టింది ఆవిడే. ఏ నట్టుకి ఏ పానాయో అడక్కముందే అందించేది. అయినా అందించడం వేరు, బిగించడం వేరు. గట్టు మీద కూర్చుని చూసినవాళ్ళందరికీ ఈత వచ్చేస్తుందా అని మేస్త్రికి లోలోపల ఒకటే పీకులాట.

మొదటి పని పసిపిల్లల బడిలో పడింది. పిల్లలు చేతులు కడుక్కునే గదిలో వరసగా బేసిన్లు. వాటిలో ఒకదానికి కొత్త కుళాయి పెట్టాలి. రెండు పిడులది, ఒకటి వేడినీళ్ళకి, ఒకటి చన్నీళ్ళకి. పెద్ద టీచరమ్మ మొహమాటపడే మనిషి కాదు.

"మీ చెయ్యి సంగతి విన్నాను మేస్త్రి గారూ. ఈ ఒక్క కుళాయీ చూస్తాను. బాగుంటే బడి పనులన్నీ ఎప్పట్లాగే మీవి. తేడా వస్తే వేరేవాళ్ళని పెట్టుకుంటాను. ఏమీ అనుకోకండి" అని వెళ్ళిపోయింది.

అనుకోకుండా ఎలా ఉంటారు? వాళ్ళింట్లో పొయ్యి వెలిగేదే ఆ బడి పనుల మీద.

మేస్త్రి పిల్లల చిన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ కొంగు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, బేసిన్ కిందకి తల దూర్చింది. "వేడిది కుడివైపు కట్టు" అన్నాడు. కట్టింది. గొట్టాలు రెండూ ఒకదాన్నొకటి దాటుకుని కాస్త లాగినట్టే ఉన్నాయి గాని, చెప్పినవాడు మేస్త్రి కదా అని ఊరుకుంది.

వాల్వులు తిప్పగానే కింద టప్పుటప్పుమని కారడం మొదలైంది.

"బిగించు. ఇంకా బిగించు. అన్నం తినలేదా?"

"తిన్నాను గాని, మరలు అరగదీసేదాకా బిగించడం నా వల్ల కాదు."

"అయితే ఆ వాషరే నాసిరకం! ఈ రోజుల్లో ఏ వస్తువు సరిగ్గా ఏడ్చింది గనక?"

"ఆడలేక మద్దెల ఓడన్నారట. కాసేపు ఊరుకోండి, చూడనివ్వండి."

గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచింది. ప్రతి అతుకు చుట్టూ ఒక్కో కాగితం ముక్క చుట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. కొంచెంసేపట్లో చన్నీళ్ళ వాల్వు దగ్గరి కాగితం ఒక్కటే తడిసింది. మిగతావన్నీ పొడిపొడిగా ఉన్నాయి. మేస్త్రి నోరు తెరిచి చూశాడు. ఇన్నేళ్ళ పనిలో అతనికి తట్టని ఉపాయం.

"ఇదెక్కడ నేర్చావే?"

"మన చంటిదాని పాలసీసా ఎక్కడ కారుతోందో ఇలాగే పట్టేదాన్ని."

వాల్వు మూసి, అతుకు విప్పి చూస్తే పాత గొట్టం తాలూకు వాషరు వాల్వు మూతికే అతుక్కుపోయి ఉంది. దాని మీద కొత్తది కూర్చుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? గోటితో పాతదాన్ని గీకి తీసేసి మళ్ళీ బిగించింది. ఈసారి కాగితం తడవలేదు.

పెద్ద టీచరమ్మ వచ్చింది. కింద తడిమి చూసింది, పిడులు తిప్పి చూసింది. "భేష్! ఇంక నాకు బెంగ లేదు" అంటూ వెనక్కి తిరిగింది. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

భార్య మాత్రం బేసిన్ దగ్గర్నుంచి కదల్లేదు. ఎడమ పిడి తిప్పి నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఎంతసేపటికీ చల్లగానే వచ్చాయి. కుడి పిడి తిప్పింది. కాసేపటికి చురుక్కుమంది. ఆవిడ మొహం పాలిపోవడం చూసి మేస్త్రికి సంగతి అర్థమైపోయింది. జీవితమంతా అతను పనిచేసింది వెల్లకిలా పడుకుని, తల గోడవైపు పెట్టుకుని. అలా పడుకున్నవాడికి కుడి అయినది నిలబడ్డవాళ్ళకి ఎడమ. ఇవాళ స్టూలు మీద కూర్చుని కూడా పాత నోటి అలవాటుతో కుడి అనేశాడు, గోడకేసి మోకాళ్ళ మీద కూర్చున్న ఆవిడ తన కుడికే కట్టేసింది.

దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "పిడుల మీద ఎర్ర బిళ్ళ, నీలం బిళ్ళ ఉన్నాయి చూడు. అవి అటుదిటు, ఇటుదటు మార్చెయ్. ఎవరికీ తెలీదు."

"పిల్లలు బిళ్ళలు చూస్తారాండీ? పక్క బేసిన్లన్నిటికీ వేడి ఎడమవైపే. చన్నీళ్ళనుకుని చెయ్యి పెడితే?"

అతను జవాబు చెప్పేలోగానే ఆవిడ కేకేసింది. "టీచరమ్మా, ఆగండి. వేడీ చల్లా తారుమారయ్యాయి. నేను తప్పుగా కట్టాను. మళ్ళీ విప్పాలి."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. బతుకంతా కుళాయిదే తప్పన్నాడు, వాషర్‌ది తప్పన్నాడు. తప్పు తనదని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. బడి పనులు చెయ్యిజారిపోతాయని తెలిసీ ఈ మనిషి ఒక్క క్షణం తటపటాయించలేదు, మొగుడి పేరైనా ఎత్తలేదు. ఇంతకంటే గొప్పవాళ్ళని తాను చూడలేదని అతనికి అనిపించింది. గోడ పట్టుకుని లేచాడు.

"ఆవిడది కాదమ్మా. తప్పు చెప్పింది నేను."

"గొట్టాలు అడ్డదిడ్డంగా వచ్చినప్పుడే నేను అడగాల్సింది" అంది ఆవిడ.

టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "తిలాపాపం తలా పిడికెడు పంచుకోవడం అయిపోతే, ఇంక కుళాయి సంగతి చూడండి" అని అక్కడే నిలబడింది.

ఆవిడ విప్పి మళ్ళీ కట్టింది. గొట్టాలు ఈసారి లాగకుండా తిన్నగా వేలాడాయి. టీచరమ్మ తన చేత్తోనే ఎడమ చూసింది, కుడి చూసింది. చెయ్యి తుడుచుకుని మేస్త్రివైపు కాకుండా ఆవిడవైపు తిరిగింది.

"మేడమీద బేసిన్లు కూడా చూడాలి. ఎప్పుడొస్తావమ్మా?"

"రేపే వస్తానండీ."

బయటికొచ్చేసరికి పనిముట్ల సంచి మేస్త్రి ఎడమ భుజాన వేలాడుతోంది. ఆ బరువుకి మనిషి ఓ పక్కకి ఒరిగిపోతున్నాడు.

"ఇటివ్వండి, మీరు మొయ్యలేరు" అని ఆవిడ చెయ్యి చాపింది.

అతను ఇవ్వలేదు. "మేస్త్రి ఎక్కడైనా తన సంచి తనే మోస్తాడటే? నువ్వు ముందు నడు" అన్నాడు.