ఫైవ్ నైన్

బోగోలు బజారులో మిక్సీలు, టీవీలు బాగుచేసే బడేసాహెబ్‌కి ఒకటే పిచ్చి, రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సరదాకి వైర్‌లెస్‌లో ఊరూరి వాళ్లతో మాట్లాడే హ్యామ్ ఆయన. రెండు సరుగుడు బాదుల మధ్య ఇరవై మీటర్ల రాగితీగ ఏంటెనాగా కట్టి, రోజూ సాయంత్రం నెల్లూరులోని పెంచలప్రసాద్‌తో మాట్లాడేవాడు. ప్రసాద్‌కు ఈ విద్య నేర్పిందీ ఆయనే.

మూడేళ్ల కిందట ప్రసాద్ తన ఇంట్లో మూలపడ్డ నిలువు ఏంటెనా ఒకటి మోసుకొచ్చాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టదు, మేడమీద మూరెడు చోటు చాలు, ఆ తీగ పీకేయమన్నాడు. నిలువు కడ్డీ దూరదేశాలకు పనికొస్తుంది గానీ చుట్టుపక్కల ఊళ్లకు తీగే మేలని బడేసాహెబ్‌కి తెలియని సంగతి కాదు. అయినా శిష్యుడి మాట తీసెయ్యలేక బిగించుకున్నాడు. ఎట్లా వినిపిస్తోందని అడిగితే ప్రసాద్ "ఫైవ్ నైన్ అన్నా" అన్నాడు. అంటే గంట కొట్టినట్టు వినబడుతోందని. ఆ మాట హ్యాములు ఉత్త మర్యాదకీ అంటారు, పెళ్లిభోజనం ఎలా ఉందంటే బ్రహ్మాండం అన్నట్టు. సొంత మనిషి దగ్గర మర్యాదేమిటని ఈయన నమ్మాడు. ప్రసాద్‌ది పెద్ద సెట్టు, అతని మాట ఇక్కడికి బాగానే వచ్చేది. దాంతో అనుమానమే రాలేదు.

మొన్న అక్టోబరులో తుఫాను కసరత్తు పెట్టారు. ఫోన్లు పడిపోయిన రోజున బోగోలు పడవల కబురు నెల్లూరుకు చేర్చే పని తనకిమ్మని బడేసాహెబ్ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇన్నాళ్లకు అవకాశమిచ్చారు. తహసీల్దారు ఎదుట అరగంట గొంతు చించుకున్నా జవాబు లేదు. చివరికి నెల్లూరులో సెట్టు ముందు కూర్చున్న మరో హ్యామ్ చంద్రమౌళికి ఫోన్ చేశారు. హోరు తప్ప ఏమీ లేదని, ఈ స్టేషను మూడేళ్లుగా సరిగ్గా అందడమే లేదని, ఆ సంగతి ప్రసాద్‌కీ తెలుసని అతను చెప్పాడు. తహసీల్దారు జాబితాలో బోగోలు పేరు కొట్టేశాడు.

బడేసాహెబ్ నేరుగా బస్సెక్కి ప్రసాద్ ఇంటికి పోయాడు. ఒళ్లు మండిపోతోంది. ప్రసాద్ తలొంచుకుని, తానిచ్చిన ఏంటెనా బాగలేదని తానే ఎట్లా చెప్పేదన్నాడు. మొదట చెప్పే స్టేషను పిలుపుపేరు ఒక్కటే గుర్తుపట్టేవాణ్ణని, మిగతాదంతా హోరేనని ఒప్పుకున్నాడు.

"మిగతాదంతానా?"

ప్రసాద్ అవునన్నట్టు తలూపాడు.

"మీ వదినకి కేన్సరని పిల్లలకన్నా ముందు నీకే చెప్పినా. ఆమె ముందర ఏడవలేక రేడియో కాడ కూసోని ఏడ్చినా. నువ్వు, 'సరే అన్నా, రేపు కలుద్దాం' అన్నావు. ఓదారిస్తే నేను తట్టుకోలేనని ఊరుకున్నావనుకున్నా రా."