అవ్వ చీరా, నా బీఈడీ చదువూ

జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులకు లెక్క లేదు. కానీ వాటిలో ఒక్కదాన్ని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కుడి మోకాలు సలుపుతుంది. ఒక మేధావి ఒక గేదె చేతిలో, సరిగ్గా చెప్పాలంటే కాలిలో, ఎలా సర్వనాశనం అయ్యాడో చెబుతాను వినండి. ఆ మేధావిని నేనే.

అప్పుడే బీఈడీ ముగించి, వరికుంటపాడు దగ్గర మా ఊరికి వచ్చాను. ఆ చదువు మొత్తంలో నా తలకెక్కింది ఒక్కటే పాఠం, ప్రవర్తనావాదం. మనిషైనా పశువైనా మనసులో ఏముందో మనకు అనవసరం. పైకి ఏం చేస్తోందో చూడాలి. చేసిన వెంటనే ఏదైనా పెడితే ఆ పని మళ్ళీ చేస్తుంది, పెట్టకపోతే మానేస్తుంది. ఇంత సులువైన సంగతి తెలియక జనం ఇన్నాళ్ళూ పిల్లల్నీ పశువుల్నీ ఎలా పెంచారా అని నాకు జాలేసింది.

సరిగ్గా అప్పుడే మా అవ్వ రూతమ్మకు కంటి ఆపరేషన్ పడింది. ఆత్మకూరులో మా మేనత్త ఇంట్లో వారం రోజులు ఉండాలి. ఆవిడ దిగులంతా రాణి గురించే. రాణి అంటే అవ్వ గేదె. బయలుదేరే ముందు ప్రార్థన చేసి, రాణిని పేరు పెట్టి మరీ దేవుడికి అప్పగించింది. నా పేరు ఎత్తలేదు.

"ఒరే దావీదూ, అది నన్ను తప్ప ఎవుర్నీ దగ్గరికి రానీదు. నా పాత చీర దండెం మీద ఉండాది. అది కట్టుకోని కూర్చో. ముందు దూడని ఇడువు, బర్రె చేపి పాలు పొదుగులోకి దించినాక పితుకు."

"చీరేంది అవ్వా! నేను బీఈడీ చదివినాను."

"ఆ సంగతి బర్రెకి తెలీదు గదరా. నేనొచ్చేలోపల అది వట్టిపోయిందంటే మాత్రం ఈ ఇంట్లో నీకు కూడు లేదు, చెప్తా ఉండా."

అవ్వ బస్సెక్కగానే నేను నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను. పనికి పురికొల్పే ఉద్దీపన, ప్రతిస్పందన, బహుమతి. మర్నాడు తెల్లవారగానే ప్యాంటూ చొక్కాతో, పుస్తకంతో సహా రాణి పక్కన కూర్చున్నాను. రాణి నన్నొకసారి చూసింది. ఒక్క తన్నుకు చెంబు గోడకు తగిలింది, నేను కుడి మోకాలు పట్టుకుని పేడలో పడ్డాను.

భయంతో చేతికందిన, గానుగలో నూనె తీశాక మిగిలే చెనక్కాయల చెక్క ముక్కొకటి దాని ముందు వేశాను. అది తింటూ నిలబడితే ఆ సందులో అర చెంబు పితికి, పుస్తకంలో "ప్రయోగం విజయవంతం" అని రాసుకున్నాను.

రెండో రోజు అది ముందే తన్నింది. నేనూ ముందే చెక్క వేశాను. మూడో రోజు నేను కొట్టంలోకి అడుగు పెట్టగానే గాల్లోకి ఒక తన్ను తన్ని, చెక్క బుట్ట వైపు తల తిప్పింది. దాని చురుకుదనానికి నేను మురిసిపోయాను కూడా!

పక్కింటి కాంతమ్మత్త గోడ మీదుగా చూసి నవ్వింది. "అబ్బయా, అది తన్నినప్పుడల్లా పెడతా ఉండావే, అదేంది?"

"అది శాస్త్రం అత్తా."

"తన్నేదానికే కూలి ఇస్తా ఉండావు గదరా!"

అప్పుడు వెలిగింది నాకు. పాలిచ్చినందుకు పెట్టాల్సింది తన్నినందుకు పెట్టాను. సరే, పెట్టడం మానేస్తే తన్నడం మానేస్తుందని పాఠంలో ఉంది కదా అని నాలుగో రోజు చెక్క ఆపేశాను. పాఠం నేను చదివాను కానీ రాణి చదవలేదు. పొద్దున తన్నింది, సాయంత్రం తన్నింది, మధ్యలో ఊరంతా వినేటట్టు అరిచింది. అర చెంబు పాలు కాస్తా గ్లాసుకు దిగాయి.

రోజూ సాయంత్రం అవ్వ ఫోను.

"రాణి ఎట్ట ఉండాది రా?"

"బ్రహ్మాండంగా ఉండాది అవ్వా."

"పాలు?"

"పట్టేదానికి గిన్నెలు చాలడం లేదు."

ఆరో రోజు గ్లాసు అడుగు కూడా తడవలేదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కూడు సంగతి అటుంచి, కంటికి కట్టుతో వచ్చే ముసలామెకు వట్టిపోయిన గేదెను ఏ మొహంతో చూపించను? ఏడో రోజు పొద్దున్నే తలుపులేసుకుని అవ్వ చీర కట్టుకున్నాను. పైట తల మీదుగా కప్పుకుని, దూడను వదిలి, నోరు మెదపకుండా కూర్చున్నాను.

రాణి చీర వాసన చూసింది. కళ్ళు సగం మూసి చేపింది! చెంబులో నురుగు లేస్తుంటే దాన్ని కావలించుకోవాలనిపించింది. నేను వారం రోజులు వెతికిన ఉద్దీపన దండెం మీదే వేలాడుతూ ఉందన్నమాట.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. నల్లద్దాలతో అవ్వ లోపలికి వచ్చి ఆగిపోయింది.

"ఎవురమ్మే నువ్వు? నా చీర కట్టుకోని నా బర్రె కాడ కూర్చోనుండావు?"

నేను పలకలేదు. పలికితే రాణికి తెలిసిపోతుంది. అవ్వ దగ్గరికొచ్చి నా చెంప తడిమింది.

"ఓరి దేవుడా! గడ్డం ఉండాదే!"

"నేనే అవ్వా," అన్నాను.

రాణి నా గొంతు గుర్తుపట్టింది. చెంబు వాకిట్లోకి, నేను దూడ మీదికి. గోడ అవతల నుంచి కాంతమ్మత్త కేకేసింది.

"చెక్క పెట్టు అబ్బయా, ఈసారి చాలా బాగా తన్నింది!"

అవ్వ నన్ను తిట్టలేదు. రాణి వీపు నిమిరి, "వారం రోజుల్లో వీడికి చెక్క వెయ్యడం బాగానే నేర్పినావే," అంది. రెండు పూటలు అవ్వ చెయ్యి పడేసరికి పాలు మళ్ళీ నిండుగా దిగాయి. నాకూ కూడు దొరికింది.

మర్నాడు సిగ్గుతో పేడ ఎత్తాను. అవ్వ వెంటనే ఒక గరిటె మీగడ పెట్టింది. ఆ మర్నాడు కుడితి కలిపాను. మళ్ళీ మీగడ. పది రోజులు తిరిగేసరికి ఎవరూ చెప్పకుండానే తెల్లారే లేచి కొట్టం ఊడుస్తున్నాను. ఎందుకు ఊడుస్తున్నానో మీగడ నాలుక మీద ఉండగా అర్థమైంది. ఏ బడికీ వెళ్ళని మా అవ్వ దగ్గర నేను ఎప్పుడో పాసయ్యాను.

ఆ క్షణమే రాణికి నాలుగు మూరల దూరంలో నిలబడి, చెయ్యి చాచి గంభీరంగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ప్రాణికీ ప్రవర్తన నేర్పను, నేర్పబోను.

"మంచి మాట అన్నావు రా," అని అవ్వ ఇంకో గరిటె మీగడ వేసింది.