కంప తీసిన సొరంగం

2007 ఎండాకాలం. కడప జిల్లాలో వేంపల్లె అవతలి గుట్టల్లో ఒక ముగ్గురాయి గనిలో నేను మైనింగ్ మేట్‌గా పనిచేస్తున్నాను. మేట్ అంటే కూలీలకంటే ముందు లోపలికి పోయి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి బాగుందా చూసి, ఇక రమ్మని చెప్పేవాడు.

మా గుట్టకు అవతలి వైపు ఎప్పుడో వదిలేసిన పాత సొరంగం ఒకటి ఉండేది. తవ్వినవాళ్లు గోడ కట్టకుండానే వెళ్లిపోయారు. మేకలు కాసేవాళ్లే దాని నోటికి అడ్డంగా తుమ్మకంప వేసి, అది చివికిపోతే కొత్తది వేసేవారు. మా సీమలో కంప వేశామంటే తలుపు వేసినట్టే. దొడ్డికైనా చేనుకైనా అంతే. తీసినవాడు మళ్లీ వేసి పోవాలని ఎవరూ ఎవరికీ నేర్పాల్సిన పని లేదు.

ఎక్కడ మొదలైందో గానీ, ఆ రోజుల్లో పాడుబడ్డ చోట్లు చూడటం ఒక సరదా అయిపోయింది. ఆదివారం వస్తే బెంగళూరు మోటర్‌సైకిళ్లు దిగేవి. పాత కోటలు, కూలిన బంగళాలు, చివరికి మా పాడు గనులు కూడా వదల్లేదు. ఫొటోలు తీసి ఆర్కుట్‌లో పెడతారట, అవి చూసి ఇంకో గుంపు బయలుదేరుతుందట. చూడాలనుకోవడం తప్పని నేననను. పాత సొరంగం కనిపిస్తే నాకూ తొంగిచూడాలనే ఉంటుంది. కానీ లోపలి సంగతి తెలియకుండా దూరడం కొరివితో తల గోక్కోవడమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే, మేకలు కాసే ఓబులేసు రొప్పుతూ వచ్చాడు.

“అన్నా, బిన్నా రా, తొందరగా! మందలో కొన్ని మేకలు పాత గనిలోకి పోయినాయి. వాటెనక మా లచ్చుమమ్మ పోయింది. పిలిస్తే పలకడం ల్యా!”

లచ్చుమమ్మ అతని భార్య. చెయ్యి కడుక్కోకుండానే సేఫ్టీ ల్యాంప్, తాడు అందుకుని పరుగెత్తాను. సేఫ్టీ ల్యాంప్ అంటే చుట్టూ జాలీ ఉన్న చిన్న దీపం, గాలి మంచిదో చెడ్డదో చెబుతుంది.

సొరంగం దగ్గర కానుగచెట్టు కింద ముగ్గురు కుర్రాళ్లు నీళ్లు తాగుతున్నారు. కంప పక్కకు లాగేసి ఉంది.

“కంప ఎవురు తీసినారప్పా?”

“మేమే అంకుల్. ఎండిన చెట్టేదో కొట్టుకొచ్చి పడిందనుకున్నాం. కొంచెం దూరం వెళ్లి వచ్చేశాం. ఫొటోలు తప్ప ఏమీ తీసుకోలేదు, అది మా రూలు.”

ఒళ్లు మండింది, కానీ తిట్టే తీరిక లేదు.

ఆ సొరంగం కొంతదూరం చదునుగా పోయి తర్వాత పల్లంలోకి దిగుతుంది. వీళ్లు చదునులోనే తిరిగి వచ్చారు కాబట్టి బతికిపోయారు. పల్లంలో నిలిచేది బ్లాక్‌డాంప్, అంటే ప్రాణవాయువు తగ్గిపోయిన చెడుగాలి. రంగుండదు, వాసనుండదు. మంచి గాలికంటే బరువు గనుక గుంటలో నీళ్లలా అడుగున ఉంటుంది.

ఓబులేసు వెనక రాగా లోపలికి నడిచి, పల్లం మొదట్లో ల్యాంప్‌ను మోకాలి ఎత్తుకు దించాను. మంట ముడుచుకుపోయింది. పైకెత్తితే మళ్లీ నిలబడింది. ఓబులేసు నన్ను తోసుకుని దిగబోయాడు. రెక్క పట్టి వెనక్కి లాగాను.

“ఇడువన్నా, నా పెండ్లాం!”

“నువ్వు దిగితే ఇద్దరూ పోతారు” అని అతన్ని గోడకు అదిమిపెట్టాను.

అంతలో కుర్రాళ్లలో ఒకడు తలకు టార్చి కట్టుకుని వెనకే వచ్చాడు. అంత వెలుగు నా ల్యాంప్‌కు లేదు. దాంట్లోనే లచ్చుమమ్మ కనబడింది. పడిపోయిన మేకను ఎత్తబోతూ వంగి ఉంది.

“లచ్చుమమ్మా, వంగొద్దు! నిలబడు! మేకను ఇడిసి తలెత్తుకొని రా!”

“సూలు మేకన్నా...” అంది. మాట ముద్దగా ఉంది.

“ఇడిసి రా!”

గోడ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో మోకాళ్లు సడలాయి. నేను విసిరిన తాడును మణికట్టుకు చుట్టుకుంది. ఓబులేసు, నేను, ఆ కుర్రాడు కలిసి లాగాం. బయట ఎండలో వాంతి చేసుకుని, కాసేపటికి కళ్లు తెరిచింది. మేకలు ఒక్కటీ రాలేదు.

వాటి కళేబరాలైనా తెచ్చుకుంటానన్నాడు ఓబులేసు. నేను ఒప్పుకోలేదు. మేకల్ని లోపలే ఉంచి కంప అడ్డం లాగాల్సి వచ్చింది. కుర్రాళ్లు కూడా చెయ్యి వేశారు. ముళ్లు గుచ్చుకుని రక్తం కారుతున్నా వదల్లేదు. టార్చి కుర్రాడు ఏడుస్తూ లచ్చుమమ్మ ముందు కూర్చున్నాడు. “మేమేమీ పాడుచెయ్యలేదనుకున్నామమ్మా” అన్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “సూసేదానికి వచ్చినారు, సూడండి. మేం వద్దనల్యా నాయనా. మీరు సూసి ఇంటికి పోతారు. మేం ఈడనే ఉండాల గదా.”

తర్వాత పెద్దలతో, ఆఫీసులతో పోట్లాడి ఆ నోటికి రాతిగోడ కట్టించాను. పాత గనులకు దారి అడిగేవాళ్లు ఇప్పుడు ఇంకా ఎక్కువయ్యారు. దారి చెబుతాను, కానీ ముందు ఆ దగ్గర్లో ఎవరు బతుకుతున్నారో కనుక్కుని, వాళ్లను అడిగి కదలమంటాను. చోటు పాడుబడితే దాని పక్కన బతుకులు కూడా పాడుబడ్డట్టు కాదని ఆ రోజు నాకు తెలిసింది. గోడ లేచాక అక్కడ భయం లేదు. అయినా లచ్చుమమ్మ మళ్లీ ఎన్నడూ మందను ఆ వైపు తోలలేదు. ఎండాకాలం ఆ గుట్టకు నీడ ఉండేది ఆ వైపే.