వెనక గదిలోకి పోయిన తీగ

తొంభైలలో నేను ధర్మపురిలో టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. ఒక వడ్ల వ్యాపారి ఇంటి నుంచి మాటిమాటికీ ఒకటే ఫిర్యాదు వచ్చేది. ఆ వ్యాపారి చనిపోయి ఎక్కువ నెలలు కాలేదు. ఇంట్లో ఆయన భార్య, ఆయన తల్లి మాత్రమే ఉండేవారు. కొడుకు పోయిన రోజు నుంచి ముసలామె నోరు విప్పలేదట.

"మధ్యాహ్నం పూట ఎవలు చెయ్యకున్నా ఫోన్ టింగుటింగుమంటది సారూ. ఎత్తితే ఎవలో ఊపిరి తీస్తున్నట్టు ఇనొస్తది," అంది కోడలు. "నాకు భయమైతుంది."

"ఇంట్ల ఇంకో ఫోన్ ఉన్నదా అమ్మా?"

"లేదు. గిదొక్కటే."

నేను ఆ మాటే నమ్మాను. తీగ తడిసిందనుకుని స్తంభం నుంచి గుమ్మం దాకా కొత్తది లాగాను. ఫోన్ కూడా మార్చాను. అయినా ఫిర్యాదు ఆగలేదు.

ఇంకోసారి వెళ్ళినప్పుడు నా ఎదుటే గంట సన్నగా మోగింది. రిసీవర్ ఎత్తాను. ఊపిరి. ఆ తర్వాత టకటకమని చప్పుడు, కాస్త ఆగి మళ్ళీ. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఈ తీగ మీదే ఇంకో ఫోన్‌లో ఎవరో నంబరు తిప్పుతున్నారు. అలా తిప్పినప్పుడే ఈ ఫోన్ గంట సన్నగా మోగుతుంది.

ఈసారి కోడలిని ఏమీ అడగకుండా గోడ మీద తీగలు కలిపే పెట్టె విప్పాను. అందులోంచి రెండు తీగలు పోతున్నాయి. ఒకటి ఫోన్‌కు. రెండోది సున్నంలో కలిసిపోయి, దూలం మీదుగా వెనక గదికి.

"గా గదిల ఏమున్నదమ్మా?"

"మా ఆయన కూసునే గది. ఇప్పుడు ఎవలం పోతలేం. అండ్ల పాత ఫోనొకటి ఉండె గని, అది ఎప్పుడో ఖరాబైందనుకున్న."

తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. మసక వెలుతురులో ముసలామె నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నల్ల ఫోన్.

"తిన్నంక పండుకుంటదనుకున్న," అంది కోడలు మెల్లగా. అత్త వేలు ఏయే అంకెల మీద పడుతోందో కాసేపు చూసింది. "దుకాణం నంబరది. దుకాణం అమ్మినం. ఆ నంబరే ఇప్పుడు లేదు."

ముసలామె రిసీవర్ చెవికి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఎత్తుతలేడు."

కొడుకు పోయాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. కోడలు పక్కనే కూలబడి ఆమె చెయ్యి పట్టుకుంది.

నేను తీగ తెంపబోయాను. "ఉండనియ్యండి సారూ," అంది కోడలు. "ఎవలో తెలిసినంక ఇగ నాకేం భయం?"

ముసలామె రిసీవర్ నాకు అందించింది. లేని నంబరు తిప్పితే కూతలాంటి శబ్దం రావాలి. ఏమీ రాలేదు. అవతల ఎవరో ఫోన్ ఎత్తి ఊరుకున్నప్పుడు ఉండే నిశ్శబ్దం. వాళ్ళకేమీ చెప్పకుండా మెల్లగా పెట్టేశాను.

ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫిర్యాదు రాలేదు.